ఇరవయ్యో లెక్కకి ఎడమకాలి జవాబు

ఎర్రసిరా పెన్నుకి మూత పెట్టి, కుటుంబరావు మాస్టారు ఆమని కాగితం మీద సున్నా చుట్టిన దగ్గర కిందటి వారం ఆగాం. మూత పెట్టాక సున్నా ఎలా చుట్టారని ఎవరూ ఉత్తరాలు రాయనక్కర్లేదు. ఆ సున్నా కోసం ఆయన మళ్లీ మూత తీశారు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఆమనికి పదకొండేళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. చేతులు ఆమె మాట వినవు. ఒకటి తూర్పుకి పోతే రెండోది పడమటికి పోతుంది. నోట్లోంచి మాట వస్తుంది గాని అది తల్లికి, తాతకి తప్ప మూడో మనిషికి అందదు. చెప్పినట్టు వినేది ఎడమకాలు ఒక్కటే. ఆ కాలి కోసం, ఇంటికొచ్చి పాఠాలు చెప్పే జాయిస్ టీచరు ఒక ప్లైవుడ్ బల్ల చేయించి, జగ్గయ్యపేటలో లారీలకి నంబర్లు రాసే పెయింటరు చేత సున్నా నుంచి తొమ్మిది దాకా పసుపు మీద నల్లగా రాయించింది. బొటనవేలు ఎక్కడ ఆగితే అదీ జవాబు.

ఆ బల్ల పట్టుకునే శుక్రవారం నాడు నందిగామ బడికి ఆరో తరగతి పరీక్షకి వెళ్లారు. చక్రాల కుర్చీ లోపలిదాకా వెళ్లే బడి, ఇంటి ముందుకి వ్యాను వచ్చే బడి వాళ్లకి దొరికింది అదొక్కటే. మిగిలింది ఒకే సీటు. ఎడ్విన్ అనే పిల్లాడు ఇరవయ్యో లెక్క ఒక్కటి చెప్పలేక వదిలేసి, ఇరవైకి పందొమ్మిది తెచ్చుకుని ఆ సీటు ముందు నిలబడి ఉన్నాడు. ఆమనికి వచ్చింది సున్నా. శనివారం సాయంత్రం ఐదింటికి జాబితా గోడకెక్కుతుంది. దాంట్లో పేరు లేకపోతే ఆ పిల్లకి మరో ఏడాది చదువంతా తాత టీ కొట్టు పంచలోనే.

ఇక మాస్టారి సంగతి. నలభై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు గాని, ఆ బడి సీటు పరీక్ష మాత్రం ఇప్పటికీ ఆయనే పెడతారు. ఆయన దృష్టిలో లెక్క అంటే వేగం. పదిహేడో ఎక్కం ఆయన మొదలుపెడితే, గంట కొట్టే మనిషి ఎత్తిన చెయ్యి దించేలోపు అయిపోయేదని నందిగామలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకసారి బస్టాండులోంచి కదిలిపోతున్న బస్సు కిటికీల్లో తలలు లెక్కపెట్టి, ఇద్దరికి టిక్కెట్లు లేవని కండక్టర్ని ఆపారట. వెతికితే ఒకడు సీటు కింద దొరికాడు. రెండోది మేక. అలా అని మేకని చూసినవాళ్లే చెప్పారు.

ఆయన పరీక్షలో ప్రశ్న అడిగాక సుద్దముక్కతో బల్ల మీద మూడు దెబ్బలు కొడతారు. మూడో దెబ్బకి జవాబు రావాలి, లేకపోతే తర్వాతి ప్రశ్న. ముప్పై రెండేళ్లుగా అవే ఇరవై ప్రశ్నలు, అట్ట చిరిగిన అదే నోటుబుక్కు, అందులో ఆయన చేత్తో రాసుకున్న అవే జవాబులు. ఇరవయ్యో లెక్కంటే ఆయనకి ప్రాణం. ఇన్నేళ్లలో దాన్ని సరిగ్గా చెప్పినవాడు ఒక్కడే: ఆ రోజుల్లో ఆయన పుస్తకాల సంచీ మోసుకుంటూ సైకిలు వెనక నడిచిన కృష్ణయ్య. ఇవాళ ఆ బడి నడుపుతున్నది అతనే. ఇరవైకి ఇరవై వచ్చిన తన జవాబు కాగితానికి ఫ్రేము కట్టించి ఆఫీసు గదిలో తగిలించాడు. మిగతా పిల్లల్లో కొందరు ఆ లెక్కకి ఏటా ఒకే తప్పు జవాబు చెప్పేవారు. వాళ్ల పేర్ల పక్కన మాస్టారు 'ఫ్యాన్సీ' అని రాసుకుని నవ్వుకునేవారు.

శుక్రవారం ఇంకో పని కూడా చేశారు. టీచరు పిల్లకి జవాబులు అందిస్తుందని అనుమానం వచ్చి, జాయిస్ చెవుల్లో దూది పెట్టించారు. ఆయన తన బల్ల మీద ఎన్నో ప్రశ్నో చూపే ఒకటి, రెండు, మూడు అంకెల అట్టలు తిప్పుతూ ఉంటే, ఏ అట్ట కనిపిస్తే ఆ వరసలో ఆమని కాలు చూపించిన అంకె రాయడం జాయిస్ పని. ప్రశ్న ఆమెకి వినపడదు. తల్లి నీహారికని వరండాలోనే ఆపేశారు. ఇరవయ్యో అట్ట అయిపోగానే కాగితం లాక్కుని దిద్దారు. అదీ జరిగింది.

*

శనివారం పొద్దున దుర్గాంబ గారు భర్త సంచీ దులుపుతుంటే చిన్న చెప్పు ఒకటి కింద పడింది. పట్టీలు, బకిల్సు, చీలమండని పట్టుకునే గట్టి అట్ట ఉన్న ఎడమకాలి చెప్పు. కాలితో జవాబు చెప్పడానికి విప్పి, వెళ్లేటప్పుడు మరిచిపోయారు. బడి అటెండరు తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు.

సోమవారం ఎవరిచేతనన్నా పంపిస్తానని మాస్టారు పేపరు వెనకనుంచి అన్నారు.

"మార్కులు మీరే వేశారుగా," అంది దుర్గాంబ గారు. "చెప్పు కూడా మీరే తీసుకెళ్లి ఇవ్వండి."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడతో వాదించి గెలిచిన లెక్క ఆయన నోటుబుక్కులో లేదు. పదిన్నర బస్సెక్కారు.

జగ్గయ్యపేట దగ్గర హైవే పక్కన, బారికేడ్ల ముందు సిమెంటు లారీలు నెమ్మదించే చోట, రేకుల పంచ కింద రత్తయ్య టీ కొట్టు. రత్తయ్య ఆమనికి తాత. మనిషి సన్నం, కోతలు లావు. మాస్టార్ని చూడగానే లేచి బెంచీ తుడిచాడు. నీహారిక మాత్రం చెప్పు అందుకుని, టీ గ్లాసు తెచ్చి బెంచీకి ఆ చివర పెట్టి వెళ్లిపోయింది. దాన్ని అందుకోవాలంటే మాస్టారు రెండు మూరలు జరగాల్సొచ్చింది. జాయిస్ కూడా అక్కడే ఉంది. శనివారాలు ఆమె ఆమని దగ్గరికి వస్తుంది. చిన్నగా నమస్కారం పెట్టి మళ్లీ పిల్ల వైపు తిరిగింది.

ఆమని కుర్చీ రోడ్డుకి ఎదురుగా ఉంది. కాళ్ల దగ్గర పసుపు బల్ల. తల ఒక పక్కకి వాలి, నోరు కాస్త తెరుచుకుని ఉంది గాని, కళ్లు మాత్రం వచ్చే లారీల నంబరు ప్లేట్ల మీద మేకులు కొట్టినట్టున్నాయి.

మాస్టారు అడక్కుండానే రత్తయ్య అందుకున్నాడు. మన వైపు బండి కొనేవాడు ఇంజను తర్వాత చూస్తాడు, ముందు నంబరు టోటలు చూస్తాడు. నాలుగంకెలు కూడితే తొమ్మిది రావాలి. మనవరాలు పుట్టినప్పటినుంచీ రోడ్డు పక్కనే పెరిగింది కాబట్టి, ఏడవకుండా ఉండాలని తాత పైకి కూడుతూ వినిపించేవాడు. రెండేళ్లు విన్నాక పిల్ల తాతకంటే ముందు నవ్వడం మొదలుపెట్టింది. తాత తప్పు కూడితే మూతి తిప్పేది.

"ఒకసారి ఈమె టోటలు ఎనిమిదని చెప్పిందండీ. ఆ డ్రైవరు బండి ఇక్కడే ఆపేసి, ఇంటికి నడిచిపోయాడు," అన్నాడు రత్తయ్య. "ఏలూరు నుంచి ఫోన్ చేశాడు, ఇంకా నడుస్తున్నానని."

మాస్టారికి ఇలాంటి నంబర్ల మోజు గిట్టదు. ముఖం చిట్లించారు. కానీ కళ్లు ఊరుకోవు కదా. మొదటి లారీ వచ్చింది: నాలుగు, ఏడు, ఎనిమిది, ఆరు. ఇరవై అయిదు, అనుకున్నారు మనసులో. దాని వెనక మూడు, తొమ్మిది, రెండు, ఒకటి. పదిహేను. మూడోది ఆరు, సున్నా, అయిదు, ఎనిమిది. పందొమ్మిది. మూడూ కలిపి ఆయనకి పట్టింది ఒక గుటక టీ.

అప్పటికి ఆమని కాలు కదిలింది. ముందు మోకాలు వణికింది, తర్వాత పాదం గాల్లోకి లేచి, దారి తప్పి, ఎక్కడికో పోయి, వెనక్కి వచ్చింది. వేలు రెండు మీద ఆగింది. మళ్లీ లేచింది. అయిదు మీద ఆగింది.

మూడో లారీ వాళ్ల ముందునుంచే పోతోంది. దాని టోటలు పందొమ్మిది. పిల్ల చెప్పింది ఇరవై అయిదు. మాస్టారు గట్టిగా గాలి వదిలి, జాయిస్ వైపు జాలిగా చూశారు.

రత్తయ్య ఆ చూపు పట్టుకున్నాడు. "మీరు మూడో బండి చూస్తున్నారేందండీ మాస్టారూ? ఆవిడింకా మొదటి బండి కాడుంది. కూర్చోండి."

పాదం మళ్లీ లేచింది. ఒకటి, అయిదు. ఆ లారీ ఈపాటికి బారికేడ్లు దాటి మలుపు తిరిగిపోయింది. పాదం మరోసారి లేచి, ఈసారి వణుకు ఎక్కువై రెండుసార్లు జారి, ఒకటి మీద, ఆ తర్వాత తొమ్మిది మీద వాలింది. అప్పుడు ఆమని తల ఎత్తి తాత వైపు చూసి నవ్వింది.

మాస్టారి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. కాలు మొదటి జవాబు చెబుతుంటే, రెండోదీ మూడోదీ తలలో కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూస్తున్నాయన్నమాట. ఒకపక్క మొండికేసే కాలిని బతిమాలుకుంటూ, ఇంకోపక్క రెండు జవాబులు ఒలక్కుండా మోస్తోంది. ఆయనా ప్రయత్నించి చూశారు. నాలుగు లారీల టోటళ్లు మనసులో పెట్టుకుని, చెప్పకుండా ఆగి, కాళ్లకి చెప్పులు తొడుక్కున్నారు. ఎడమ చెప్పు తొడిగేసరికి రెండు టోటళ్లు పోయాయి.

అప్పుడు జాయిస్ చెప్పింది. మిగతా పిల్లలు వేళ్లు మడిచి మొదలుపెడతారు. ఆమనికి వేలు మడవడమే కొండ ఎక్కడం; మడిచేలోపు ఉన్న తెలివంతా చేతికే ఖర్చయిపోయి అంకెకి మిగలదు. అందుకని చేతుల్ని పక్కన పెట్టేశారు. ఒక్కొక్కటి లెక్కపెట్టడం మానేసి, గుంపులు చూపించారు. లారీల దగ్గరికి వెళ్లే టీ స్టాండులో ఆరు గ్లాసులు. స్టాండులు నాలుగు వెళ్లాయి, రెండు గ్లాసులు తాగకుండానే తిరిగొచ్చాయి, ఎంతమంది తాగారు? ఆరో ఎక్కం అలా వచ్చింది. పెద్ద అంకెల్ని తనకి వీలైన ముక్కలుగా విరగ్గొట్టుకోవడం పిల్ల సొంతంగా కనిపెట్టుకుంది.

"మొదటి ఆరు నెలలు నేనామెకి లెక్కలేమీ నేర్పలేదండీ," అంది జాయిస్. "నేను ఆగడం నేర్చుకున్నా. అదే కష్టమైంది."

మాస్టారు సంచీలోంచి నోటుబుక్కు తీశారు, దాని మడతలోంచి ఆమని కాగితం తీశారు. రెండూ మోకాళ్ల మీద పక్కపక్కన పెట్టుకున్నారు. మొదటి లెక్క ఎనిమిది, ఏడు కూడిక: పదిహేను. పిల్ల కాగితంలో ఒకటో వరస ఖాళీ. రెండో లెక్క, ఆరు నాలుగుల హెచ్చవేత: ఇరవై నాలుగు. పిల్ల కాగితంలో రెండో వరసలో పదిహేను. మూడోది యాభైలోంచి పద్దెనిమిది తీసివేత: ముప్పై రెండు. పిల్ల కాగితంలో ఇరవై నాలుగు. నాలుగో వరసలో ముప్పై రెండు ఉంది.

ఆయన కాగితాన్ని ఒక వరస పైకి జరిపారు. జరిపితే, జవాబులన్నీ తలుపు గడియల్లా ఒకదానికెదురుగా ఒకటి పడ్డాయి. పన్నెండో వరస మళ్లీ ఖాళీ. అక్కడ ఇంకో మెట్టు వెనకబడింది. మరో వరస జరిపారు. చివరిదాకా పడ్డాయి. రెండు ఖాళీలు పోను పద్దెనిమిది జవాబులు, పద్దెనిమిదీ సరైనవే. ఒక్కటి కూడా తప్పు లేదు.

ఆయన సుద్దముక్క కొట్టుకుంటూ ముందుకి పరిగెత్తారు, పిల్ల ఒక్క లెక్కనీ వదలకుండా వెనకే నడుచుకుంటూ వచ్చింది. దూది పెట్టించిన చెవులు పొరపాటున జాయిస్‌వి అయ్యాయి గాని, ఆ రోజు చెవుడు ఎవరికి ఉందో ఆయనకి అర్థమైంది.

కాగితం జాయిస్‌కి ఇచ్చారు. ఆమె చూసి, జరిపి చూసి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నీహారిక వచ్చి వెనక నిలబడింది. ఏం జరిగిందో మాస్టారే చెప్పారు, ఒక్క ముక్క దాచుకోకుండా, తప్పు తనదేనంటూ.

"మా పిల్ల తప్పు చేస్తే తప్పని రాయండి, ఒప్పుకుంటాం," అంది నీహారిక. "ఆలస్యంగా చెప్పిందని తప్పు రాయకండి."

రాయనన్నారు మాస్టారు. ఎర్రసిరా తీసి సున్నా పక్కన పద్దెనిమిది వేశారు. వేశాక పెన్ను అక్కడే ఆగింది. ఎడ్విన్‌ది పందొమ్మిది. పందొమ్మిదో లెక్కకీ ఇరవయ్యో లెక్కకీ జవాబులు చెప్పే వంతు వచ్చేసరికి తాను కాగితం లాక్కున్నారు, వాళ్లు బల్ల మడుచుకున్నారు. ఆ రెండూ ఎవరూ వినని జవాబులు.

అప్పుడు రత్తయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకండి మాస్టారూ, ఒక మాట. నిన్న సాయంత్రం ఇంటికొచ్చిన కాణ్ణుంచి ఈ పిల్ల ఒకటే పట్టు పట్టిందండీ. బల్ల పెట్టిందాకా గోల. పెట్టాక ఒకటి, నాలుగు, నాలుగు. మళ్లీ ఒకటి, నాలుగు, నాలుగు. ఊళ్లో సెక్షను పెట్టారేమోనని నేను కొట్టు కట్టేయబోయా."

మాస్టారు నోటుబుక్కులో వేలు పెట్టారు. పందొమ్మిదో లెక్క, పన్నెండు పన్నెండ్లు. నూట నలభై నాలుగు.

ప్రశ్నలు తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఆమని ఒక్కతే. జాయిస్ చెవుల్లో దూది, తల్లి వరండాలో, తాత జగ్గయ్యపేటలో. ఆయన అనుమానపడి కట్టిన ప్రతి కట్టూ ఇప్పుడు పిల్ల తరఫున సాక్ష్యం చెబుతోంది. నిన్న మధ్యాహ్నం అడిగిన లెక్కకి జవాబుని నందిగామ నుంచి ఆటోలో, బస్సులో, పడుకున్నా లేచినా దించకుండా మోసుకొచ్చింది. పందొమ్మిది. ఎడ్విన్‌తో సమానం.

"ఇంకేమన్నా చెప్పిందా?" అడిగారు మాస్టారు.

"దాని తర్వాతదే నాకు బోధపడలేదండీ. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. ఎవరిదో ఫ్యాన్సీ నంబరు కారు చూసొచ్చిందనుకున్నాం. ఎంత పెద్ద షావుకారుదో అని నేను పొద్దుటినుంచీ రోడ్డు వంకే చూస్తున్నా."

మాస్టారు పెదవి విరిచారు. ఆ తప్పు ఆయనకి కొత్త కాదు. ముప్పై రెండేళ్లుగా పిల్లలు ఇరవయ్యో లెక్కకి మూడు తొమ్మిదులు చెబుతూనే ఉన్నారు, ఆయన 'ఫ్యాన్సీ' అని రాసుకుంటూనే ఉన్నారు. నలభై ఒక్కమంది. లెక్క చెయ్యడం రాక కారు నంబరు చెబుతున్నారని క్లాసులో నవ్వించేవారు. ముప్పయ్యేడుని ఇరవయ్యేడుతో హెచ్చవేస్తే తొమ్మిది వందల ఎనభై తొమ్మిది. నోటుబుక్కులో ఆయన దస్తూరీతోనే ఉంది. పాపం పిల్ల కూడా అదే గోతిలో పడింది. పద్దెనిమిది ఒకటీ పందొమ్మిది. ఇక ముందుకి పోదు.

ఆమని కాలు మళ్లీ కదిలింది. ఎవరూ ఏమీ అడగలేదు. మాస్టారు ఈసారి ఆగారు. రెండు లారీలు పోయాయి, ఒక బస్సు పోయింది. వేలు మూడు మీద ఆగి, ఏడుకి పోయింది. కాస్త ఊపిరి తీసుకుని మూడు. ఆ తర్వాత ఒకటి, ఒకటి, ఒకటి.

"ముప్పయ్యేడు మూళ్లు," అంది జాయిస్ మెల్లగా. "నూట పదకొండు."

ఇరవయ్యేడంటే తొమ్మిది మూళ్లు. మాస్టారికి ఆ తర్వాతి మెట్టు ఎవరూ చెప్పక్కర్లేదు. నూట పదకొండు తొమ్మిదిసార్లు. అరచేతిలో వేలితో వేసి చూసుకున్నారు. చిన్నపిల్లాడిలా ఏడు, ఏడు, నలభై తొమ్మిది, నాలుగు పైన, అనుకుంటూ పాత పద్ధతిలో మళ్లీ వేశారు. ముప్పై రెండేళ్ల కిందట ఆ జవాబు రాసుకున్న రోజున, ఏడు మూళ్ల ఇరవై ఒకటికి ఆ నాలుగు కలిపేటప్పుడు, వేగంగా చేయగల మనిషి గనక, ఒకటి వదిలేశారు. పది తగ్గింది.

నలభై ఒక్కమంది పిల్లలు. వాళ్లలో సగం మంది పేర్లు ఆయనకి నోటికొచ్చు.

ఎర్రసిరా పెన్ను తీసి నోటుబుక్కులో తన జవాబు మీదే అడ్డగీత కొట్టారు. ఆమని కాగితం మీద పద్దెనిమిది కొట్టేసి ఇరవై రాశారు. రాస్తూ రాస్తూ, ఇంకో మెట్టు దిగినట్టు ఆగిపోయారు. తొమ్మిది వందల ఎనభై తొమ్మిది అనే జవాబు లోకంలో ఏ లెక్కలోంచీ రాదు. ఈ నోటుబుక్కులోంచి మాత్రమే వస్తుంది. దాన్ని చెప్పగలిగినవాడు ఒక్కడే ఒక్కడు.

అప్పుడే ఫోను మోగింది. తెర మీద కృష్ణయ్య పేరు.

మాస్టారు మోగే ఫోను వైపు చూస్తూ కూర్చుండిపోయారు. కింద పసుపు బల్ల మీద మడమ మూడుసార్లు కొట్టింది. టక్, టక్, టక్. అచ్చం సుద్దముక్క. తలెత్తి చూస్తే ఆమని ఓరగా నవ్వుతోంది.

ఫోను తీశారు. ఎడ్విన్ పేరుతో జాబితా సిద్ధమైంది, అంటించేయమంటారా మాస్టారూ అని అవతలినుంచి కృష్ణయ్య వినయంగా అడిగాడు.

"ఆగు నాయనా. ముప్పయ్యేడుని ఇరవయ్యేడుతో హెచ్చవేస్తే ఎంత?"

మూడు దెబ్బల దాకా కూడా పట్టలేదు. "తొమ్మిది వందల ఎనభై తొమ్మిది మాస్టారూ. మర్చిపోతానా? గోడ మీద రోజూ చూస్తూనే ఉన్నాగా."

"బాగుంది," అన్నారు మాస్టారు. "ఎట్టా చేశావో ఒక్కసారి చెప్పు."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మాట వినిపించలేదు. ఒక లారీ పోయింది, దాని వెనక ఇంకోటి. నీహారిక ఖాళీ గ్లాసు తీసుకుని, వేడి టీ పోసి తెచ్చి, ఈసారి మాస్టారి చేతికి అందేలా పెట్టింది.

మాస్టారు సుద్దముక్క కోసం వెతుక్కోలేదు. ఫోను చెవికి ఆనించుకుని, ఎంతసేపైనా ఆగే మనిషిలా, ఆమని పక్కన బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు.